జూలై 14 పారిస్ పరేడ్: ఏం చూడాలో తేల్చుకున్నాకే ఎక్కడ నిలబడాలో తేలుతుంది

చదువుకో ఉద్యోగానికో ఫ్రాన్స్ వచ్చినవాళ్లు, వేసవిలో ఊరు చూడటానికి వచ్చినవాళ్లు జూలై 14 ఉదయం షాంజెలీజే అవెన్యూ మీద జరిగే సైనిక కవాతుకు వెళ్దామనుకుంటారు. వాళ్లలో చాలామంది తొమ్మిదింటికి తాపీగా బయల్దేరతారు. దిగాల్సిన మెట్రో స్టేషన్ మూసేసి ఉంటుంది. రెండు స్టేషన్ల అవతల దిగి నడిచి, తనిఖీ వరసలో నిలబడి, ఆరో వరస వెనక చేరి, టోపీల మీది ఈకలు మాత్రం చూసి తిరిగొస్తారు. అంత మంచి కవాతు అలా చేజారిపోవడం బాధగా ఉంటుంది. తప్పేమీ లేదు, సమాచారం లేదంతే.

ముందు గుర్తుంచుకోవాల్సింది ఒకటే. ఈ కవాతు మొత్తం ఒకే చోట నిలబడితే కనపడదు. విమానాలు, నడిచే దళాలు, యుద్ధవాహనాలు, గుర్రాలు, ఇవన్నీ ఒకే దారిలో పోయినా వేటికవే బాగా కనిపించే చోట్లు వేరు. మీకు వీటిలో ఏది ముఖ్యమో ముందురోజు రాత్రే తేల్చుకోండి. మిగతావి దొరికినంత దొరుకుతాయి.

దారి ఇది. పడమటి చివర ఆర్క్ ద త్రియోంఫ్ ఉన్న ఎత్వాల్ కూడలి, తూర్పు చివర ప్లాస్ ద లా కాంకోర్డ్. మధ్యలో షాంజెలీజే, పొడవు సుమారు 1.9 కిలోమీటర్లు, వెడల్పు 70 మీటర్లు. ఎత్వాల్ ఎత్తున ఉంటుంది, అక్కణ్నుంచి కాంకోర్డ్ దాకా వాలు. దళాలన్నీ పైనుంచి కిందికి వస్తాయి. అధ్యక్షుడు, అతిథులు కూర్చునే వేదిక కాంకోర్డ్‌లో, అవెన్యూకు ఎదురుగా ఉంటుంది. ఆ వేదిక చుట్టుపక్కల గ్యాలరీలు ఆహ్వానపత్రం ఉన్నవాళ్లకే. పత్రం లేకుండా అక్కడికి చేరాలని ప్రయత్నిస్తే పొద్దు వృథా. మామూలు జనం నిలబడేది ముఖ్యంగా ఎత్వాల్ నుంచి అవెన్యూ మధ్యలో ఉన్న రోన్‌ప్వాన్ కూడలి దాకా, రెండు పక్కలా ఫుట్‌పాత్‌ల మీద బారికేడ్ల వెనక. టికెట్ లేదు, డబ్బు కట్టేది లేదు. ఎవరైనా టికెట్ అమ్ముతానంటే నమ్మకండి.

ఆ రోజు వరస దాదాపు ఏటా ఇలాగే ఉంటుంది. పదింటికి అధ్యక్షుడు ఎత్వాల్ దగ్గరికి వస్తాడు. సైనిక దళాల ప్రధానాధికారితో కలిసి పైకప్పు లేని సైనిక వాహనంలో నిలబడి, గణతంత్ర గార్డు గుర్రాల నడుమ, బారులు తీరిన దళాలను చూసుకుంటూ కాంకోర్డ్ దాకా దిగుతాడు. అక్కడ ప్రారంభ విన్యాసం. పదిన్నరకు విమానాలు. పావుతక్కువ పదకొండు ప్రాంతంలో నడిచే దళాలు. పదకొండుంబావు దాటాక హెలికాప్టర్లు, ఆ వెంటనే వాహనాలు, తర్వాత గుర్రాలు. చివర మరో విన్యాసంతో పన్నెండుకు ముగుస్తుంది. అయిదు పది నిమిషాలు అటూ ఇటూ కావచ్చు. ఆ ఏటి కచ్చితమైన వేళలు, ఏ వీధులు మూస్తారో, ఎక్కడ తనిఖీ చేస్తారో పారిస్ పోలీసు ప్రిఫెక్చర్ కొన్ని రోజుల ముందే ప్రకటిస్తుంది. అది చూడకుండా బయల్దేరకండి. 2024లో ఒలింపిక్స్ ఏర్పాట్ల వల్ల కవాతును షాంజెలీజే నుంచి పక్కనున్న అవెన్యూ ఫోష్‌కు మార్చారు. 2020లో కోవిడ్ కారణంగా అవెన్యూ మీద కవాతే లేదు, కాంకోర్డ్‌లో చిన్న కార్యక్రమంతో సరిపెట్టారు. పాత సమాచారంతో వెళ్తే ఇలాంటి చోట దెబ్బ తగులుతుంది.

ఈ వేళలన్నీ కాంకోర్డ్ లెక్క, అంటే టీవీ లెక్క. మీరు నిలబడ్డ చోటికి మార్చుకోవాలి. నడిచే దళాల వేగం నిమిషానికి 120 అడుగులు. అడుగుకు ముప్పావు మీటరు చొప్పున నిమిషానికి 90 మీటర్లు. రోన్‌ప్వాన్ దగ్గర నిలబడితే వేదిక ఇంకా 800 మీటర్లు ఉంటుంది కాబట్టి, దళం మిమ్మల్ని దాటిన తొమ్మిది నిమిషాలకు గానీ టీవీలో అధ్యక్షుడి ముందుకు రాదు. పైన జార్జ్ ఫైవ్ స్టేషన్ దగ్గరైతే ఆ తేడా 16, 17 నిమిషాలు. అక్కడ ఇంకో సంగతి కూడా ఉంది. బయల్దేరకముందు దళాలు అవెన్యూ మీదే బారులు తీరి ఉంటాయి కాబట్టి మీ ఎదురుగా ఒకే దళం చాలాసేపు కదలకుండా నిలబడి ఉండొచ్చు. యూనిఫారాలు, జెండాలు, పతకాలు తీరిగ్గా చూడాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి అవకాశం లేదు. కవాతు ఊపు చూడాలనుకునేవాళ్లు మాత్రం కిందికి, రోన్‌ప్వాన్ వైపు రావాలి.

ఇక స్టేషన్ల సంగతి. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. మెట్రో ఒకటో లైను సరిగ్గా షాంజెలీజే కిందనే పోతుంది. ఆ రోజు పొద్దున్నే ఆ లైనులో కాంకోర్డ్, షాంజెలీజే క్లెమాన్సో, ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్, జార్జ్ ఫైవ్, ఎత్వాల్ స్టేషన్లు మామూలుగా మూతపడతాయి. రైళ్లు నడుస్తాయి కానీ అక్కడ ఆగవు. ఒకసారి ఎక్కితే ఎక్కడో అవతల తేలతారు. పనికొచ్చేది తొమ్మిదో లైను. అవెన్యూకు దక్షిణం వైపు చేరాలంటే ఆల్మా మార్సోలో దిగి అవెన్యూ జార్జ్ ఫైవ్ వెంట పదినిమిషాలు నడవాలి. ఉత్తరం వైపు చేరాలంటే సేన్ ఫిలిప్ ద్యు రూల్‌లో దిగితే అయిదారు నిమిషాలు. అది కూడా మూసి ఉంటే తర్వాతి స్టేషన్ మిరోమెనీల్. ఎత్వాల్ వైపు రావాలనుకుంటే రెండో లైనులో తెర్న్.

ఏ వైపు నిలబడాలో ఇంట్లోనే నిర్ణయించుకోమనడానికి కారణం ఉంది. బారికేడ్లు మూసేశాక అవెన్యూను దాటనివ్వరు. భూగర్భ దారులుగా పనికొచ్చే స్టేషన్లూ మూసే ఉంటాయి. స్నేహితులు ఒకరు ఉత్తరాన, ఒకరు దక్షిణాన చేరితే మధ్యాహ్నం దాకా ఒకరికొకరు చెయ్యి ఊపుకోవడమే. తప్పనిసరిగా దాటాల్సి వస్తే, ఆల్మా మార్సో దాకా వెనక్కి నడిచి తొమ్మిదో లైను ఎక్కి సేన్ ఫిలిప్‌లో దిగాలి. రైలు అవెన్యూ కిందుగా, రూజ్వెల్ట్‌లో ఆగకుండా పోతుంది. కానీ తిరిగి తనిఖీ వరసలో మొదటి నుంచి నిలబడాలి, ముందు వరస స్థలం ఎలాగూ పోతుంది. ఫోన్ నెట్‌వర్క్ కూడా ఆ జనంలో మందగిస్తుంది. కలుసుకునే చోటును వీధి పేరు, ఇంటి నంబరుతో సహా ముందే చెప్పుకోండి. అవెన్యూకు దక్షిణాన బేసి నంబర్లు, ఉత్తరాన సరి నంబర్లు. నంబరు చెప్తే చాలు, ఏ పక్కనో తెలిసిపోతుంది.

ఎండ గురించి ఒక మాట. ఏ పక్క నీడ ఉంటుందని చాలామంది అడుగుతారు. జూలై మధ్యలో పారిస్‌లో పదిన్నరకు సూర్యుడు తూర్పున, కొంచెం దక్షిణానికి వాలి ఉంటాడు. షాంజెలీజే కూడా పడమటి వాయవ్యం నుంచి తూర్పు ఆగ్నేయానికి సాగుతుంది. అంటే సూర్యుడు ఇంచుమించు కాంకోర్డ్ నెత్తిన, అవెన్యూ బారునే నిలుస్తాడు. భవనాల నీడ ఏ పక్కకూ సరిగ్గా పడదు, చెట్ల నీడ దొరికితే దొరికినట్టు. పదకొండున్నర దాటాక దక్షిణపు ఫుట్‌పాత్‌కు కొద్దిగా మేలు. ఫోటోలు తీసేవాళ్లకు మాత్రం ఇది వరం. ఆర్క్ వైపు తిరిగితే వచ్చే దళాల ముఖాల మీద వెలుగు నేరుగా పడుతుంది. కాంకోర్డ్ వైపు తిరిగితే అంతా నల్లటి ఆకారాలే. కాబట్టి మీ ఎడమో కుడో, ఆర్క్ వైపు చూపు అడ్డులేకుండా ఉన్న చోటు చూసుకోండి. దీపస్తంభం పక్కన, చెట్టు మొదలు వెనక దొరికిన ఖాళీ ఖాళీ కాదు, అక్కడ ఎందుకు ఎవరూ నిలబడలేదో పదింటికి తెలుస్తుంది. టీవీ కెమెరా అరుగుల వెనక కూడా అంతే.

ఎన్నింటికి చేరాలి? తనిఖీ గేట్లు ఆరున్నర ఏడు మధ్య తెరుస్తారు. ఏడున్నర లోపు లోపలికి వెళ్తే బారికేడ్ మీద చేతులు పెట్టి నిలబడొచ్చు. ఎనిమిదిన్నరకు రెండో మూడో వరస. తొమ్మిదిన్నరకు వచ్చినవాళ్లకు విమానాలు, హెలికాప్టర్లు, గుర్రం ఎక్కినవాళ్ల తలలు, ఎత్తైన వాహనాలు కనపడతాయి. నడిచే దళాలు కనపడవు. పొట్టిగా ఉన్నవాళ్లు, పిల్లలున్నవాళ్లు ఇది గట్టిగా పట్టించుకోవాలి. వచ్చాక అయిదు గంటలు నిలబడటమేనని మనసును సిద్ధం చేసుకోండి.

నడిచే దళాల్లో ఏవి చూడాలో ముందే తెలిస్తే ఆనందం రెట్టింపవుతుంది. ఆ ఏడాది అతిథి దేశం ఉంటే సాధారణంగా వాళ్ల సైనికులే ముందు నడుస్తారు. తర్వాత ఫ్రెంచి సైనిక విద్యాలయాలు. మొదట ఎకోల్ పొలిటెక్నిక్, 1794లో పెట్టిన ఇంజనీరింగ్ విద్యాలయం. నేటికీ రక్షణ శాఖ కిందే ఉంది. నల్లటి దుస్తులు, రెండు కొనల టోపీ, నడుముకు కత్తి. ఆ వెనక సేన్ సిర్, 1802లో నెపోలియన్ పెట్టిన సైనికాధికారుల పాఠశాల. ఎరుపు తెలుపు ఈకల కుచ్చు టోపీ చూసి గుర్తుపట్టొచ్చు. తర్వాత నావికా, వైమానిక విద్యాలయాలు, సైనిక హోదా ఉన్న పోలీసులైన జాందార్మ్‌లు, రెజిమెంట్లు. ప్రతి దళం ముందూ జెండా వస్తుంది. ఫ్రెంచివాళ్లు జెండా దాటేటప్పుడు మాటలాపి నిలబడతారు, మనమూ అలాగే నిలబడటం మర్యాద.

అగ్నిమాపక దళానికి జనం కొట్టే చప్పట్లు వినాలి. పారిస్ అగ్నిమాపకులు సైనికులే. 1810లో ఆస్ట్రియా రాయబారి ఇచ్చిన విందులో మంటలు రేగి ప్రాణాలు పోయాక, 1811లో నెపోలియన్ నగర అగ్నిమాపకాన్ని సైనిక దళంగా మార్చాడు. ఈనాటికీ అది సైన్యంలో భాగమే. జనం వాళ్లను రోజూ తమ వీధుల్లో చూస్తారు కాబట్టి ఆ చప్పట్లలో ఆత్మీయత వినిపిస్తుంది.

అన్నిటికన్నా ఆఖరున విదేశీ దళం, ఫ్రెంచి ఫారిన్ లీజియన్. 1831లో పుట్టిన ఈ దళంలో 140కి పైగా దేశాల వాళ్లున్నారు. వీళ్ల నడక నిమిషానికి 88 అడుగులే. నిదానంగా, బరువుగా, నేలను తొక్కుకుంటూ. ఆఖర్న ఎందుకంటే లెక్క వేసి చూడండి. మిగతా దళాలు నిమిషానికి 90 మీటర్లు నడిస్తే వీళ్లు 66 మీటర్లే. మధ్యలో పెడితే వెనక వచ్చేవాళ్లు వీళ్ల మీదికి వచ్చి పడతారు. చివర పెడితే వీళ్లకూ ముందు దళానికీ మధ్య ఖాళీ రోడ్డు పరుచుకుంటుంది, ఆ ఖాళీలోంచి వాళ్లు నడిచిరావడమే ఓ దృశ్యం. అదే కారణంగా తొందరపడి వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. ముందు దళం దాటాక రోడ్డు ఖాళీగా కనిపించి, నడక అయిపోయిందనుకుని వరస వదిలేస్తారు. వదలకండి, ఎత్వాల్ వైపు చూడండి. ముందు వరసలో గడ్డాలు పెంచినవాళ్లు, తోలు ఏప్రన్, భుజాన గొడ్డలి, వాళ్లు పయనీర్లు. సైన్యానికి దారి కొట్టిన పాతకాలపు పనివాళ్ల వారసులు. ఆ వెనక తెల్ల టోపీలు, ఆకుపచ్చ ఎరుపు భుజకుచ్చులు, నీలం నడుంపట్టీ. వేదిక దగ్గరికి రాగానే మిగతా దళాలు కుడికీ ఎడమకీ రెండుగా చీలి వెళ్తాయి, విదేశీ దళం మాత్రం చీలదు. అది వేదిక దగ్గరే జరిగేది కాబట్టి టీవీలోనే చూడగలం.

దూరం నుంచి చూస్తే బ్యాండు దెబ్బకూ అడుగుకూ పొంతన కుదరనట్టు అనిపిస్తుంది. నడిచేవాళ్ల తప్పు కాదది. నిమిషానికి 120 అడుగులంటే అడుగుకు అర సెకను. ఆ అర సెకనులో శబ్దం సుమారు 170 మీటర్లు పోతుంది. బ్యాండు మీకు అంత దూరాన ఉంటే, ఎడమ కాలికి కొట్టిన దెబ్బ వాళ్ల కుడి కాలు నేలకు తగిలేటప్పుడు మీ చెవిన పడుతుంది. దగ్గరికొచ్చే కొద్దీ కలిసిపోతాయి. వీడియో తీసేవాళ్లు బ్యాండును దగ్గరగా వచ్చాకే తీస్తే మంచిది.

విమానాల సంగతి పూర్తిగా వేరు. అవి పడమటి నుంచి, ఎత్తైన ఆఫీసు భవనాల పేట లా దెఫాన్స్ వైపు నుంచి, ఆర్క్ మీదుగా అవెన్యూ బారునే కాంకోర్డ్ వైపు వస్తాయి. మొదట ఫ్రెంచి వాయుసేన విన్యాస బృందం పత్రూయ్ ద ఫ్రాన్స్, ఆల్ఫాజెట్లతో నీలం, తెలుపు, ఎరుపు పొగ వదులుతూ. వెనక రఫేల్, మిరాజ్ 2000, గాలిలో ఇంధనం నింపే పెద్ద ఫీనిక్స్ ట్యాంకరు, రవాణాకు వాడే ఏ400ఎం లాంటివి గుంపులు గుంపులుగా. మొత్తం పావుగంటలో అయిపోతుంది. షాంజెలీజే మీద చెట్లకూ భవనాలకూ మధ్య ఆకాశం పట్టీలా కనిపిస్తుంది కాబట్టి ఒక్కో గుంపు కొన్ని సెకన్లే కనపడుతుంది. శబ్దం విని తల ఎత్తితే అప్పటికే దాటిపోయి ఉంటాయి. చెవిని కాదు, కంటిని నమ్మాలి. పదిన్నర నుంచి ఆర్క్ మీది ఆకాశాన్నే చూస్తూ ఉండండి.

విమానాలే ముఖ్యమనుకునేవాళ్లకు నా సలహా, అసలు షాంజెలీజేకి రావొద్దు. లా దెఫాన్స్‌లో గ్రాండ్ ఆర్ష్ మెట్ల దగ్గరి నుంచి ఆర్క్ ద త్రియోంఫ్ దాకా సూటిగా తెరిచిన ఆకాశం ఉంది. అక్కడో, నెయ్యీ వైపో, పోర్ట్ మాయో దగ్గరో పది గంటలకు చేరినా చాలు. జనం తక్కువ, విమానాలు కుదురుకున్న వరసల్లో కనపడతాయి. హెలికాప్టర్లు కూడా అదే దారిన వస్తాయి, ఇంకా నెమ్మదిగా. ఫోటోకు జెట్లకైతే షట్టరు సెకనులో వెయ్యో వంతు గానీ అంతకన్నా వేగంగా గానీ పెట్టండి. హెలికాప్టర్లకు అలా పెడితే రెక్కలు గాల్లో గడ్డకట్టినట్టు పడతాయి. 250వ వంతుకు తగ్గించి, కెమెరాను దానితోపాటు తిప్పండి. తెల్లటి ఆకాశం మీద విమానం నల్లబడుతుంది కాబట్టి వెలుగును ఒక మెట్టు పెంచాలి. కింద తెల్ల టోపీలకు అర మెట్టు తగ్గించాలి. డ్రోన్ అనే ఆలోచనే వద్దు. పారిస్ మీద డ్రోన్ ఎగరేయడం ఏ రోజైనా నిషిద్ధం, ఆ రోజైతే నేరుగా పోలీసు కేసు.

మబ్బులు కిందికి దిగితే విమాన ప్రదర్శన కుదించడమో, రద్దు చేయడమో జరుగుతుంది. వాన పడినా నడిచే దళాలు ఆగవు. ఇంత సాధనతో చేసినా పొరపాట్లు దొర్లుతాయి. 2018లో నీలం పొగ రావాల్సిన చివర ఒక ఆల్ఫాజెట్ ఎరుపు పొగ వదిలింది. అదే రోజు అధ్యక్షుడి వేదిక ముందే విన్యాసం చేస్తున్న జాందార్మ్ మోటారు సైకిళ్లు రెండు ఢీకొని పడిపోయాయి. వాళ్లు లేచి బండ్లెత్తుకుని వెళ్లిపోయారు. అంత ఇరుకు దూరాల్లో, అంత తక్కువ వేగంతో బరువైన బండిని నిలుపుకోవడం ఎంత కష్టమో తెలిసినవాళ్లెవరూ వాళ్లను వేళాకోళం చేయరు.

వాహనాలు ఆర్క్‌కు అవతల, అవెన్యూ ద లా గ్రాండ్ ఆర్మే మీద పొద్దున్నే బారులు తీరతాయి. కవచవాహనాలు, ట్రక్కు మీద అమర్చిన 155 మిల్లీమీటర్ల సీజర్ ఫిరంగులు, లెక్లెర్క్ ట్యాంకులు. ట్యాంకు ఇనుప గొలుసులు తారు రోడ్డును చీల్చేయకుండా వాటికి రబ్బరు దిమ్మలు తొడుగుతారు. దగ్గర నిలబడితే ఆ రబ్బరు చప్పుడు తేడాగా వినపడుతుంది. ట్యాంకులు, ఫిరంగులు నచ్చేవాళ్లు అవెన్యూ పై భాగంలో, జార్జ్ ఫైవ్‌కు పైన నిలబడాలి. కూడలి తిరిగి వచ్చిన వాహనాలు అక్కడ వరస సర్దుకుంటాయి. చివర వచ్చే గణతంత్ర గార్డు గుర్రపు దళంలో దాదాపు 200 గుర్రాలుంటాయి. గుర్రం మీదే కూర్చుని బాకాలు ఊదే, డప్పులు కొట్టే బ్యాండు కూడా ఉంటుంది. డప్పులు వాయించేవాడి రెండు చేతులూ ఖాళీ ఉండవు, పగ్గాలను పాదాలతో నడుపుతాడు. అది చూడటానికైనా ఆగాలి.

మనవాళ్లు తెలుసుకోవాల్సిన చరిత్ర కొంత ఉంది. ఈ పండుగను చట్టం చేసింది 1880 జూలై 6న. చాలామంది దీన్ని 1789 జూలై 14న బాస్తీ కోట పట్టుకున్న రోజుగానే చెప్తారు. 1790లో అదే తేదీన షాన్ ద మార్స్ మైదానంలో జరిగిన సమాఖ్య ఉత్సవానికి కూడా ఇది గుర్తు. మొదటి కవాతు 1880లో లోన్‌షాన్ గుర్రప్పందేల మైదానంలో, 1870–71లో ప్రష్యా చేతిలో ఓటమి తర్వాత రెజిమెంట్లకు కొత్త జెండాలు ఇస్తూ జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో విజయ కవాతు ఆర్క్ ద త్రియోంఫ్ కిందుగా నడిచింది. జర్మన్ల ఆక్రమణలో ఉన్నన్నాళ్లూ పారిస్‌లో ఈ కవాతు లేదు. 1994లో, పలు యూరప్ దేశాల ఉమ్మడి సైనిక దళమైన యూరోకోర్‌తో కలిసి జర్మన్ సైనికులు ఇదే అవెన్యూ మీద నడిచారు. ఏ దేశాన్ని ఏ ఏట పిలిచారో చూస్తే ఫ్రాన్స్ చరిత్ర చాలావరకు అర్థమవుతుంది.

భారతీయ సైనికులు పారిస్‌లో జూలై 14న నడవడం ఈ కాలపు సంగతి కాదు. 1916లోనే నడిచారు. ఒక ఫ్రెంచి మహిళ సిక్కు సైనికుడి ఛాతీ మీద పువ్వు గుచ్చుతున్న ఫోటో ఆ రోజుదే. 2009లో మన్మోహన్ సింగ్ ముఖ్య అతిథిగా ఉన్నప్పుడు మూడు దళాల నుంచి సుమారు 400 మంది నడిచారు, మరాఠా లైట్ ఇన్‌ఫాంట్రీతో సహా. 2023లో నరేంద్ర మోదీ ముఖ్య అతిథి. 269 మంది భారతీయుల బృందం, పంజాబ్ రెజిమెంట్, రాజ్‌పుతానా రైఫిల్స్ బ్యాండు, పైన మన వాయుసేన రఫేళ్లు. వాయుసేన బృందానికి ముందు నడిచింది స్క్వాడ్రన్ లీడర్ సింధు రెడ్డి. ఈ చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఉత్తర ఫ్రాన్స్‌లోని నవ్ షాపెల్‌కు కూడా ఒక రోజు కేటాయించాలి. 1915లో భారతీయ సైనికులు పోరాడిన చోటది. 1927లో ఆవిష్కరించిన స్మారకం మీద సమాధి కూడా దొరకని 4,700 మందికి పైగా పేర్లున్నాయి. కవాతు చూసినవాళ్లు ఆ గోడనూ చూడాలని నా గట్టి కోరిక.

సంచిలో ఏముండాలో తక్కువలో చెప్తాను. గుర్తింపు కార్డు. ప్లాస్టిక్ సీసాల్లో మనిషికి లీటరున్నర నీళ్లు, గాజు సీసాలు గేటు దగ్గర ఆపేస్తారు. టోపీ, సన్‌స్క్రీన్. వాన సూచన ఉంటే రెయిన్‌కోటు, గొడుగు వద్దు, వెనకవాళ్లకు అడ్డం. తినడానికి చేత్తో పట్టుకుని తినగలిగేవి. పిల్లలకు చెవులు కప్పే ఇయర్‌మఫ్‌లు తప్పనిసరి. రఫేళ్లు తక్కువ ఎత్తున పోతుంటే పెద్దవాళ్లే చెవులు మూసుకుంటారు. సూట్‌కేసు, పెద్ద బ్యాక్‌ప్యాక్ వద్దు. విమానాశ్రయం నుంచి నేరుగా సామానుతో వచ్చినవాళ్లను లోపలికి రానివ్వరు. సెల్ఫీ స్టిక్ పైకెత్తకండి. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకునేవాళ్లు వెనకవాళ్లతో ఒక మాట చెప్పి, దళానికీ దళానికీ మధ్య దించుతూ ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. లోపలికి వెళ్లకముందే మరుగుదొడ్డికి వెళ్లిరండి. పారిస్ వీధుల్లోని ప్రజా మరుగుదొడ్లు ఉచితమే కానీ, బారికేడ్ వదిలితే స్థలం పోయినట్టే.

ముగ్గురు నలుగురు పిల్లలతో, వృద్ధులతో ఉన్న కుటుంబానికి ఇంకో దారి చెప్తాను. కవాతు మొత్తం ఫ్రాన్స్ 2, టీఎఫ్1 చానెళ్లలో ప్రత్యక్షంగా వస్తుంది, వ్యాఖ్యానంతో, ప్రతి దళం పేరుతో. ఇంట్లో అది చూసి, పదిన్నరకు ముందు ఒక్కరు పిల్లల్ని తీసుకుని పడమటి పేటల్లోకి వెళ్లి విమానాలు చూపిస్తే చాలు. కొన్నేళ్లు మధ్యాహ్నం సైనికులు వాహనాలతో సహా జనం మధ్యకు వచ్చే కార్యక్రమాలు కూడా పెడతారు. అక్కడ పిల్లలు కవచవాహనం ఎక్కొచ్చు, సైనికులతో మాట్లాడొచ్చు. పిల్లలకు అవెన్యూ మీద అయిదు గంటల కన్నా అదే నచ్చుతుంది.

పన్నెండుకు కవాతు ముగిశాక వెంటనే కదలకండి. అందరూ ఒక్కసారి పక్కవీధుల్లోకి తోసుకుంటారు, దగ్గర స్టేషన్లు ఇంకా తెరవరు. అరగంట అక్కడే కూర్చుని, తర్వాత అవెన్యూకు దూరంగా ఉన్న స్టేషన్‌కు పదిహేను నిమిషాలు నడిస్తే సుఖంగా ఇల్లు చేరతారు. రాత్రి పదకొండింటికి ఈఫిల్ టవర్ దగ్గర బాణసంచా ఉంటుంది. షాన్ ద మార్స్ మైదానం లోపలికి సాయంత్రమే వెళ్లాలి, అక్కడా తనిఖీలే. జనం వద్దనుకుంటే టవర్ కనపడే వంతెనలు, ఎత్తైన వీధులు చూసుకోండి. టవర్‌కు దగ్గరి స్టేషన్లు ఆ రాత్రి కూడా మూస్తారు కాబట్టి తిరుగు దారి కూడా బయల్దేరే ముందే కాగితం మీద రాసుకోండి, ఆ వేళకు ఫోను చార్జింగు మిగలదు.